గరుకు బొచ్చు పట్వారి

నిర్మలక్క మొండిది. ఈ మాట నేనంటే చెల్లుతుంది. ఇంకెవరైనా అంటే మాత్రం ఊరుకోను.

గిర్మాజీపేటలో వాళ్ళింటి ముందర రెండు మడిగెలున్నాయి. ఒకదాంట్లో ఆమె భర్త వీరభద్రం సేటు కిరాణా దుకాణం, రెండోదాంట్లో నా బ్యూటీ పార్లర్. నడుమ ఒక్క గోడే అడ్డం. వాళ్ళింట్లో మిరపకాయ పోపు వేస్తే నా దగ్గర ఫేషియల్ చేయించుకునేవాళ్ళు ముఖానికి పూత పెట్టుకునే దగ్గుతారు. ఆ సంగతి మీద నేనూ నిర్మలక్కా ఎన్నిసార్లు కొట్లాడుకున్నామో! సాయంత్రానికి చాయ్ మాత్రం కలిసే తాగుతాం. నా పేరు నాజియా. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ రహీమాబీ అందరికీ చెప్తుంది. ఉంటే ఉంది. నిర్మలక్క పక్కన బతకాలంటే ఆ మాత్రం కోపం ఉండాలి.

ఆమె ఎలాంటి మనిషో చెప్పడానికి స్కూటీ సంగతి చాలు. నలభై దాటాక నేర్చుకుంది. పడింది, మోకాలు చెక్కుకుపోయింది, లేచి మళ్ళీ ఎక్కింది. మళ్ళీ పడితే ఈసారి స్కూటీ అద్దం పోయింది. "అమ్మిపారేస్త దీన్ని" అని సేటు అరిచాడు. ఆమె తాళంచెవి బొడ్లో దోపుకుంది. అన్నం తిన్నా, పడుకున్నా ఆ తాళంచెవి అక్కడే. ఇప్పుడు సేటును వెనక కూర్చోబెట్టుకొని మండికి తీసుకుపోయేది ఆమే.

నిర్మలక్క పుట్టిల్లు కాజీపేట. తండ్రి రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. అక్కడి బడిలో ఆమెకు ఇంగ్లిష్ చెప్పింది డోరతీ టీచర్. ఆమె ఆంగ్లో ఇండియన్. పెళ్ళి చేసుకోలేదు. జీవితమంతా ఒకే జాతి కుక్కను పెంచింది. ఒకటి పోతే మళ్ళీ అలాంటిదే. తెల్లటి ఒళ్ళు, నల్లవీ గోధుమరంగువీ మచ్చలు, పొడుగు మూతి, దానికి గడ్డం, కళ్ళ మీద దుబ్బులాంటి కనుబొమ్మలు. టెర్రియర్ అంటారట. దాని ఒంటి మీది బొచ్చు కొబ్బరి పీచులాగా గరగరలాడుతుంది. చివరి కుక్కకు టీచర్ పెట్టిన పేరు రెక్స్. మా గల్లీకి వచ్చిన మొదటిరోజే అది దుకాణం మెట్టు మీద కూర్చొని, వచ్చేపోయేవాళ్ళను కనుబొమ్మల కింది నుంచి చూసిన చూపుకు, ఊరి భూముల లెక్కలు రాసే పట్వారిలాగే ఉందని అందరూ పట్వారి అనేశారు. దానికీ ఆ పేరే నచ్చినట్టుంది, రెక్స్ అంటే తల తిప్పడం మానేసింది.

అది మా గల్లీకి ఎలా వచ్చిందంటే, షుగర్ వల్ల టీచర్ కళ్ళు పోయాయి. సికింద్రాబాద్‌లో ఉండే తమ్ముడి కూతురు షీలా వచ్చి ఆమెను తన ఫ్లాట్‌కు తీసుకుపోతానంది. ఆ ఫ్లాట్లలో కుక్కలను రానివ్వరు. బెంగళూరులో ఇలాంటి కుక్కలనే పెంచేవాళ్ళు ఉన్నారు, అన్నీ తెలిసినవాళ్ళు, వాళ్ళకిద్దామని షీలా అంది. టీచర్ మాత్రం నిర్మలక్కను పిలిపించింది. ప్రతి ఆదివారం స్కూటీ మీద ఆమెకు పప్పూ ఉప్పూ తెచ్చి ఇచ్చేది నిర్మలక్కే కదా. "వీడ్ని నువ్వు ఉంచుకో నిర్మలా. సరిగ్గా చూసుకో. చూసుకోలేకపోతే చెప్పు, బెంగళూరు పంపిస్తా, నేనేం అనుకోను" అందట. నిర్మలక్క పట్వారిని స్కూటీ ముందర నిలబెట్టుకొని వచ్చేసింది.

సేటు మొదట గొణిగాడు. అత్తగారు చిలుకమ్మ పెద్దమ్మ దేవుడి అర్రలోకి రానివ్వనని ఒట్టు పెట్టుకుంది. పట్వారికి ఇదేం పట్టలేదు. మధ్యాహ్నం సేటు కునుకు తీస్తే గల్లా దగ్గర నిర్మలక్క కూర్చుంటుంది, ఆమె పాదాల మీద తల పెట్టి అది పడుకుంటుంది. కొన్ని నెలలు సాఫీగానే గడిచాయి.

తర్వాత ఏప్రిల్ వచ్చింది. ఓరుగల్లు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ ఎండలో అంత బొచ్చు వేసుకొని పట్వారి నాలుక బయటపెట్టి రొప్పుతుంటే నిర్మలక్క చూడలేకపోయింది. మన దగ్గర ఎండాకాలం రాగానే పిల్లలకు ఏం చేస్తాం? గుండు. తలకు చలువ చేస్తుంది, పైగా మళ్ళీ వచ్చే జుట్టు ఒత్తుగా వస్తుంది. ఆమె అదే చేసింది. గల్లీ చివరి సెలూన్ అతణ్ణి ఇంటికి పిలిచి మెషిన్‌తో మెడ నుంచి తోక దాకా గీకించింది. గుండు తర్వాత గంధం పూయాలి కదా, అదీ పూసింది. వీపంతా గంధం పూసుకొని పట్వారి పెళ్ళికొడుకులా కూర్చుంటే ఫొటో తీసి, ముచ్చటపడి షీలాకు పంపింది.

మర్నాడు ఆమె నా పార్లర్‌లో కూర్చొని ఉండగానే షీలా ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో పెట్టింది కాబట్టి నేనూ విన్నాను.

"టెర్రియర్‌కు మెషిన్ పెట్టించారా? ఆ బొచ్చు కత్తిరించకూడదండీ. చేత్తో పీకాలి. ఆంటీ ఏడాదికి రెండుసార్లు కూర్చొని పీకేది, మీరు చూడలేదా?"

నిర్మలక్క ముఖం తెల్లబోయింది. చూసిందట. టీచర్ వరండాలో కూర్చొని కుక్క ఒంట్లో ఏరుతుంటే పిడుదులు ఏరుతుందనుకుందట.

"ఆంటీకి చెప్పాను. రాత్రి అన్నం తినలేదు" అంది షీలా. "నవంబర్‌లో సమాధుల పండక్కి కాజీపేట వస్తాం. వాడిని అక్కడికి తీసుకురండి. ఆంటీకి కళ్ళు లేవు, చేతులున్నాయి. ముట్టుకొని చూస్తుంది. బొచ్చు పాడైందనిపిస్తే అక్కడి నుంచే బెంగళూరు. ఇది ఆంటీ మాటే, నాది కాదు."

ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్ళు మండింది. "ఏంది అక్కా ఆమె లొల్లి? కుక్క బొచ్చు గురించి గింత పంచాయితీనా? పోతే పోనీ, ఇంకో కుక్కను తెచ్చుకో" అన్నాను.

నిర్మలక్క నా వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "నాజియా, ఈ ఇంట్ల నేను ఏడ్శినప్పుడు వచ్చి పక్కన కూసునేది గదొక్కటే. దాన్ని నేను పోనియ్య."

నేను లేచి ఇద్దరికీ చాయ్ తెప్పించాను.

వానాకాలానికి బొచ్చు వచ్చింది. వచ్చింది కానీ అది పట్వారి బొచ్చు కాదు. మెత్తగా, ఉంగరాలు తిరిగి, దిండులోంచి బయటికొచ్చిన దూదిలాగా. వాన చినుకు పడితే చాలు ఒంటికి అతుక్కుపోయేది. లోపల చర్మం ఎర్రబడి, అది రోజంతా గోక్కునేది. హైదరాబాద్‌లో నర్సింగ్ చదివే నిర్మలక్క కూతురు దీప్తి ఆమె ఫోన్‌కు వీడియోలు పంపింది. అన్నీ ఇంగ్లిష్‌లోనే. దీప్తి అర్థం చెప్పింది: ఈ జాతికి బొచ్చు ముదిరి చచ్చిపోయినా దానంతట అదే రాలదు. కత్తిరిస్తే చచ్చిన వేరు లోపలే ఉండిపోయి మెత్తటిదే పెరుగుతుంది. చిటికెడు చిటికెడు వేళ్ళతో పట్టుకొని, పెరిగిన దిక్కుకే లాగితే ముదిరిందంతా వచ్చేస్తుంది, ఆ చోట్లో కొత్తగా గరుకుది మొలుస్తుంది. సరిగ్గా లాగితే కుక్కకు నొప్పి కూడా ఉండదు.

"సరే, పీకుత" అంది నిర్మలక్క. ఉల్లిగడ్డలు పొట్టు తీస్తానన్నంత తేలికగా అంది.

ఇక్కడ చిలుకమ్మ పెద్దమ్మ ప్రవేశించింది. ఆమె కుక్కకు శత్రువేమీ కాదు. కానీ ఏ పనికైనా ఒక పద్ధతి ఉండాలంటుంది. "మంచి పని మొదలువెట్టేటప్పుడు తానం చెయ్యకుంట పెడ్తరా? మనిషికైనా గొడ్డుకైనా గంతే. మంచిగ నూనె వెట్టి, కుంకుడుకాయతోని తలకువోసి, అప్పుడు ముట్టు" అంది. నిర్మలక్కకు ఆ మాట నచ్చింది. మురికి ఒంటితో మొదలుపెట్టడం ఆమెకూ ఇష్టం లేదు. మంచిరోజు చూసి, నువ్వుల నూనె వెచ్చబెట్టి, పట్వారికి ఒళ్ళంతా మర్దన చేసింది. కుంకుడు పులుసుతో రుద్ది రుద్ది స్నానం పోసింది. సాంబ్రాణి పొగ కూడా వేసిందంటే నమ్ముతారా? మెరిసిపోయాడు పట్వారి!

ఇక పీకడానికి కూర్చుంటే ఒక్క వెంట్రుకా చేతికి రాదు. పట్టుకుంటే జారిపోతుంది. మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ జారుతుంది. మరుసటి రోజూ అంతే, ఆ మరుసటి రోజూ అంతే. నాలుగో రోజుకో ఐదో రోజుకో నిర్మలక్కకు ఓపిక చచ్చింది. వెనక తొడ మీద ఇంత గుప్పెడు పట్టుకొని బలంగా గుంజింది. పట్వారి కెవ్వుమని అరిచి ఆమె చేతిని కరిచింది.

నేను పరుగెత్తుకొని పోయేసరికి ఆమె అరచేతి నుంచి రక్తం కారుతోంది. కుక్కేమో బియ్యం బస్తాల సందులో దూరి వణుకుతోంది. దాని తొడ మీద అరచేయంత మేర ఎర్రగా కమిలిపోయింది. సేటు ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకుపోయి సూది వేయించాడు. వచ్చాక అరుపులు మొదలుపెట్టాడు.

"ఇగ చాలు! అది బెంగళూరుకే పోనియ్. తెలిసినోళ్ళు ఉన్నరంటాండ్రు కదా. మనకు రాని పని మనకెందుకే?"

"రానిదాన్ని నేర్సుకుంట" అంది నిర్మలక్క కట్టు కట్టిన చేత్తోనే.

"ఎట్ల నేర్సుకుంటవ్? ఎవరు నేర్పుతరు నీకు ఈ ఊర్ల?"

ఆమె లేచి బస్తాల దగ్గరికి పోయింది. నేల మీద చతికిలబడి, "తప్పు నాదే బిడ్డా. నీకు నొప్పి వెట్టిన. ఇగ వెట్ట" అని ఎంతసేపు మాట్లాడిందో. చివరికి అది బయటికి వచ్చి, తాను కరిచిన చేతిని నాకలేక కట్టును వాసన చూసింది.

ఆ రాత్రి దీప్తి ఫోన్‌లోనే తల పట్టుకుంది. "అమ్మా, స్నానం చేపియ్యొద్దని ఆ వీడియో ఆయన మొదట్లనే చెప్పిండు గదనే! స్నానం చేపిస్తే బొచ్చు మెత్తవడి జారుతది. నూనె ఎవరన్న పెడ్తరా?"

మొదట్లో ఆ మనిషి కుక్కను పరిచయం చేస్తుంటే అదంతా సోదిలే అనుకొని నిర్మలక్క ముందుకు జరిపేసింది. నేను కోపంతో నవ్వానో, నవ్వుతూ కోప్పడ్డానో నాకే తెలియదు. నవంబర్‌కు మిగిలింది కొన్ని నెలలే. నూనె పోవాలి, పుండు మానాలి, బొచ్చు మళ్ళీ బిరుసెక్కాలి. అప్పటి దాకా ఆగడం తప్ప చేసేదేం లేదు. నిర్మలక్క ఆగింది. స్నానం లేక పట్వారి కంపు కొట్టింది. దుకాణానికి వచ్చినవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. సేటు అగరుబత్తుల కట్టలు కాల్చాడు. ఆమె మాత్రం రోజూ పొద్దున పేల దువ్వెనతో దాన్ని దువ్వి, లోపలి చర్మం చూసి, పోయేది.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు వేళ్ళకు పట్టు కోసం నా దగ్గరి టాల్కం పౌడర్ ఇచ్చాను. అది ఇంకా జారింది. తర్వాత ఆమె ఏం చేసిందో వింటే మీరు నవ్వుతారు. దేవుడి అర్రలో నుంచి చిటికెడు విభూతి తెచ్చి వేళ్ళకు రాసుకుంది. పట్టు బ్రహ్మాండంగా కుదిరింది, కానీ చిలుకమ్మ పెద్దమ్మ కంట పడింది.

"ఓసి నీ తెలివి తెల్లారిపోను! కురవి వీరభద్రుని విభూతి కుక్క బొచ్చుకు వెడ్తవానే? నీ మొగని పేరే ఆ సామిది!" అని వీధి వినేలా అరిచి, విభూతి డబ్బా తన కొంగులో మూటకట్టుకొని కూర్చుంది.

నిర్మలక్క చేతిలో మిగిలిన తెల్లటి పొడి వైపు చూస్తూ నిలబడిపోయింది. తర్వాత ఒక్కసారిగా నా చేయి పట్టుకుంది. "నాజియా, మా టీచర్ రిటైరయినంక గూడ ఒళ్ళె సుద్దముక్క వెట్టుకొని కూసునేది వరండల. పంతులమ్మ అలవాటు పోలేదనుకున్న. గది దీనికోసమే!"

సేటు దుకాణంలోనే డబ్బాలకొద్దీ సుద్దముక్కలున్నాయి. ఒకటి పొడి చేసి వేళ్ళకు రాసుకుంది. ఎడమ చేత్తో పట్వారి భుజం మీది చర్మం బిగబట్టి, కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నాలుగు వెంట్రుకలు, అంతకంటే ఎక్కువ కాదు, కొసల దగ్గర పట్టుకుంది. మణికట్టు కదలనివ్వకుండా చేయి మొత్తం వెనక్కి లాగింది. వచ్చేశాయి! చప్పుడు లేకుండా, చింతచిగురు రెమ్మ నుంచి ఊడినట్టు వచ్చేశాయి. పట్వారి వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆవలించింది.

నిర్మలక్క ఆ నాలుగు వెంట్రుకలు పట్టుకొని గల్లీలోకి పరుగెత్తింది. "వచ్చినయ్! వచ్చినయ్!" అని అరుస్తుంటే ఎదురింటివాళ్ళు డబ్బులేవో వచ్చాయనుకున్నారు.

పని దొరికింది, కానీ రోజులు దొరకలేదు. చిలుకమ్మ పెద్దమ్మ క్యాలెండర్ ముందర పెట్టింది. మంగళవారం ఇంట్లో వెంట్రుకలు తీయొద్దు. శుక్రవారం లక్ష్మి రోజు, అసలే వద్దు. శనివారం సరే సరి. అమావాస్య, సేటు పుట్టిన నక్షత్రం, ఏకాదశి... "కత్తెర వెడ్తలేను అత్తమ్మా, చేతితోనే" అని నిర్మలక్క అంటే, "చేతితోని పీకినా వెంట్రుక వెంట్రుకనే. నా ఇంట్ల ఎగరొద్దు" అంది. ఒకరోజు ఆపితే వేళ్ళకు అలవాటు తప్పుతోంది, పని సాగడం లేదు. నిర్మలక్క ఒక మంగళవారం పొద్దున్నే నా పార్లర్ తలుపు తట్టింది, వెంట పట్వారి.

"అమ్మవారి రోజని మంగళారం నీ దగ్గరికి ఎవ్వరూ రారు కదా. నీ కాడ కూసుంట."

నాకు నషాళానికి అంటింది. "ఏంది అక్కా నువ్వు! ఆడోళ్ళకు ఐబ్రోస్ చేసే కుర్సీల కుక్కను కూసోపెడ్తవా? మా అమ్మ లోపలి అర్రల నమాజ్ చేస్తది, నీకు తెల్వదా? దాని మూతి తడి తాకితే మళ్ళ అంతా కడగాలె. నన్ను కొడ్తది మా అమ్మ!"

"కుర్సీ వద్దు. గా మూలకు కింద కూసుంట. నేనే కడిగిపోత."

"వద్దంటే వద్దు!"

ఆమె కదల్లేదు. పట్వారి కూడా కదల్లేదు. ఇద్దరూ నన్నే చూస్తూ నిలబడ్డారు. ఏం చేస్తాను, తిట్టుకుంటూ టార్పాలిన్ తెచ్చి ద్వారం పక్కన పరిచాను, లోపలి అర్రకు గొళ్ళెం పెట్టాను. అప్పటి నుంచి మంగళవారాలు, శుక్రవారం నేను దుకాణం తెరిచే లోపు, మా పార్లర్‌లో కస్టమర్ పట్వారే. నేను దూరంగా స్టూల్ వేసుకొని కూర్చొని, "అక్కా, మెడ దగ్గర వదిలిపెట్టినవ్", "గొంతు కింద పీకకు, గక్కడ కత్తెరనే వాడాలని వీడియోల ఆయన అన్నడు గదా" అని అజమాయిషీ చేసేదాన్ని.

ఒక మంగళవారం మా అమ్మ చెప్పకుండా వచ్చింది. గుమ్మంలో ఆగి, దుపట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "యా అల్లా! నాజియా, ఇదేంది?" నేను స్టూల్ మీంచి లేచాను. నిర్మలక్క లేవబోయింది. అమ్మ పట్వారి వీపు వైపు, ఎర్రబడ్డ చర్మం వైపు కాసేపు చూసింది. "గోక్కుంటాంది పాపం... కూసో బేటీ, కూసో. నోరు లేనిదానికి సేవ చేస్తే అల్లా ఏమనడు. జర దాని తడి మూతి మాత్రం నాకు దూరం పెట్టున్రి" అని బయట మెట్టు మీద కూర్చుంది. ఆ రోజు మధ్యాహ్నం జోహర్ నమాజ్‌కు ఇంటికే పోయింది.

ఆగస్టు చివరికి పట్వారి ఒంటి మీద ఏమీ మిగల్లేదు. గులాబీ రంగు చర్మం మీద పల్చటి నూగు, ముఖానికి గడ్డం, ముట్టనివ్వని వెనక తొడ మీద దూది మాత్రం ఉన్నాయి. చూసినవాళ్ళంతా నవ్వారు. "పట్వారికి మళ్ళ గుండా? ఈసారి ఏ మొక్కు?" అని. సేటు కూడా నవ్వాడు. నిర్మలక్క నవ్వలేదు. కొత్తది మొలుస్తుందో మొలవదో ఆమెకు తెలియదు. ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున కళ్ళు మూసుకొని దాని వీపు మీద అరచేయి పెట్టి చూసేది. టీచర్ అలాగే చూస్తుంది కదా, అందుకట. చేతి కట్టు విప్పేసినా కరిచిన మచ్చ ఉంది, బొటనవేలు సుద్ద పొడికి పగిలిపోయింది. నేను క్రీమ్ ఇస్తే, జారుతుందని రాసుకోలేదు.

సెప్టెంబర్‌లో ఒక రోజు గోడ అవతలి నుంచి నన్ను పిలిచింది. "నాజియా, జర్ర నువ్వు చూడు. నాకు భ్రమనో ఏందో."

అప్పటి దాకా నేను పట్వారిని ముట్టుకోలేదు. మూతి అటు తిప్పమని చెప్పి, వీపు మీద వేళ్ళు పెట్టాను. వరి కోసిన మడిలో అడుగుపెట్టినట్టు చురుక్కుమంది. "అక్కా! గుచ్చుకుంటాంది!" అని అరిచాను. ఇద్దరం ఒకరినొకరు పట్టుకొని ఎగిరాం. పట్వారి కూడా ఎందుకో తెలియకుండానే మా చుట్టూ తిరుగుతూ మొరిగింది. ఆ సాయంత్రం నేను ఇంటికి పోయి స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాను. ఆ సంతోషానికి ఆ శ్రమ ఏ పాటి?

బొచ్చు రోజురోజుకూ బిగిసింది. వాన పడితే నీళ్ళు జారిపోయాయి. గోక్కోవడం ఆగింది. అంతా బాగుంది, ఒక్క చోటు తప్ప. మొదట్లో ఆమె బలంగా గుంజిన వెనక తొడ. పుండు ఎప్పుడో మానింది. కానీ అక్కడ చేయి పడితే చాలు పట్వారి బిగుసుకుపోయేది, పళ్ళు బయటపెట్టేది. ఆ ఒక్క చోట దూది అలాగే పెరిగి వేలాడుతోంది.

నవంబర్ దగ్గర పడేకొద్దీ నా పోరు ఎక్కువైంది. "అక్కా, గంత చోటు చాలు వాళ్ళకు. ఆ షీలా గదే చూపిస్తది. మూతికి గుడ్డ కట్టి గుంజెయ్, ఒక్కసారే కదా" అన్నాను. సేటు అయితే గోనె తాడు తీసుకొని వచ్చాడు. "నేను కాళ్ళు పట్టుకుంట, నువ్వు పీకు. ఇన్ని నెలల కష్టం గంత దూదికోసం పోగొట్టుకుంటవా?"

అవును, ఆ మాట అన్నది సేటే! బెంగళూరు పంపమన్న మనిషే.

"దాన్ని కట్టేసి పీకుతనా?" అంది నిర్మలక్క. తాడు పక్కకు తోసేసింది. "ఒక్కసారి నొప్పి వెట్టిన. ఇగ వెట్టనని మాటిచ్చిన. పోతే పోతది గని, నేను చెయ్య."

"పోతదే!" అన్నాను కోపంగా.

"పోతే ఏడుస్త. చెయ్య మాత్రం చెయ్య."

నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

సమాధుల పండుగ రోజు సేటు దుకాణం మూసేశాడు. పగటిపూట ఆయన దుకాణం మూయడం నేనెన్నడూ చూడలేదు. ఆటోలో పట్వారిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. దారంతా నేను నిర్మలక్క చేయి పట్టుకున్నాను.

కాజీపేట శ్మశానంలో సమాధులన్నీ సున్నం కొత్తగా వేసి, బంతిపూలతో నిండి ఉన్నాయి. టీచర్ తన తల్లిదండ్రుల సమాధి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది. నేననుకున్నదాని కంటే చిన్న మనిషి. నల్లద్దాలు, తెల్ల గౌను. పక్కన షీలా నిలబడి ఉంది. పట్వారి టీచర్‌ను చూసిందో లేదో, సేటు చేతిలోంచి గొలుసు గుంజుకొని పోయి ఆమె ఒళ్ళో ముందుకాళ్ళు పెట్టి ఏడ్చినట్టు మూలిగింది.

"రెక్స్... ఓ మై రెక్స్..." ఆమె చేతులు దాని ముఖం మీద, గడ్డం మీద, చెవుల మీద తిరిగాయి. మెడ మీదికి వచ్చాయి. వీపు మీద ఆగాయి. బొచ్చును ఎదురు దిక్కుకు నిమిరి చూసింది, మళ్ళీ సరిచేసింది. చిటికెడు పట్టుకొని వేళ్ళ మధ్య నలిపింది. 

"ఎవరు చేసినారు?"

"నేనే, టీచర్" అంది నిర్మలక్క. బడిలో లేచి నిలబడ్డ పిల్లలా అంది.

"ఇక్కడ చూడండి ఆంటీ" అంది షీలా. నేను అనుకున్నట్టే ఆమె కన్ను అక్కడే పడింది. టీచర్ చేయి పట్టుకొని వెనక తొడ మీద పెట్టింది. "ఇది మెషిన్ పెట్టించినప్పటిదే. దూదిలా ఉంది. తీయనే లేదు."

టీచర్ చేయి తగలగానే పట్వారి బిగుసుకుపోయింది. ఆమె చేతిలో ఉండి కూడా చిన్నగా గుర్రుమంది. టీచర్ వెంటనే చేయి తీసేసింది.

"నిర్మలా. ఇది ఎందుకు వదిలేసినావు?"

నిర్మలక్క అబద్ధం చెప్పొచ్చు. పుండైందని, డాక్టర్ వద్దన్నాడని. నేనైతే చెప్పేదాన్ని. ఆమె చెప్పలేదు. "మొదట్ల నాకు రాక, గక్కడ జబర్దస్తిగ గుంజిన టీచర్. నొప్పయింది దానికి. నన్ను కరిచింది గూడ. అప్పటిసంది గక్కడ ముట్టనిస్తలేదు. కట్టేసి పీకబుద్ధి కాలేదు. అందుకే ఇడిచిపెట్టిన. తప్పు నాది."

పక్కన సేటు తల వంచుకున్నాడు. షీలా ఏదో అనబోయింది, టీచర్ చేయెత్తి ఆపింది.

"షీలా, బెంగళూరుకు ఫోన్ చెయ్. కుక్క రాదని చెప్పు."

"ఆంటీ, వాళ్ళకు అన్నీ తెలుసు. వాళ్ళైతే ఇలా వదిలేసేవాళ్ళు కాదు."

"అవును" అంది టీచర్. "వాళ్ళైతే ఇది కూడా పీకేసేవాళ్ళు."

నిర్మలక్క అక్కడే మట్టిలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. పట్వారి టీచర్ ఒళ్ళోంచి కాళ్ళు దించి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఒళ్ళో బరువు పోయిన చోట టీచర్ చేతులు కాసేపు అలాగే గాలిలో ఉండిపోయాయి. తర్వాత ఆమె వాటిని దగ్గరికి తీసుకొని ముడుచుకుంది. నేనూ ఏడ్చాను.

"వచ్చే ఏడు కూడా ఇక్కడికే తీసుకురా, నిర్మలా" అంది టీచర్. "నేను ఈ కుర్చీలో లేకపోతే, పక్కన ఎక్కడో ఒకచోట ఉంటాను. వెతుకు. వాడు నా దగ్గర కాసేపు కూర్చుంటే చాలు."

"తెస్త, టీచర్" అంది నిర్మలక్క.